తిన్నవా

డాక్టరు మాట విని కష్టపడి సన్నబడిన కొండల్, పాతవాళ్లు చూసి మెచ్చుకుంటారన్న ఆశతో కొత్వాల్‌గూడ వచ్చాడు. పొలం అమ్మి బడంగ్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్న తర్వాత అతడు తన పాత వీధికి రావడమే తక్కువ.

గడపలో కూర్చుని రొట్టె తింటున్న దుర్గవ్వ, ఒకప్పటి పొరుగింటావిడ, అతణ్ణి చూసి కంగారుపడింది.

"ఏంది తమ్మీ, గింత బక్కగైనవ్? తిన్నవా?"

ఒళ్లు వచ్చినప్పటి నుంచి ఆ మాట అతణ్ణి ఊళ్లో ఎవరూ అడగలేదు. భార్య పోయాక ఇంట్లోనూ అడిగేవారు లేరు.

"తినలే అక్కా."

ఆమె తన రొట్టెలో సగం విరిచి పెట్టింది. "గంత పొట్ట ఏడికి పాయె? పైసలన్ని ఒడిసినయా ఏంది? కారు గిట్ల అమ్ముకున్నవా?"

"అమ్ముకున్న అక్కా."

రొట్టె నములుతూ కొండల్, కారు తాళంచెవిని జేబులో మరింత లోపలికి తోసుకున్నాడు.