అపోలోనియాకు మంచి పేరు

"అత్తా, జర్మన్లు పారిపోయారు కదా. చర్చి ముందు నిలబడి, నన్ను ఇన్నాళ్లూ దాచింది నువ్వేనని అందరికీ చెప్తాను," అంది పెర్లా. పదహారేళ్ల ఆ యూదుల పిల్ల పశువులపాక కింది గోతిలోంచి అప్పుడే పైకొచ్చి, వెలుతురుకి కళ్లు చికిలిస్తోంది.

అపోలోనియా గబుక్కున చేత్తో ఆమె నోరు మూసింది. "నా కొంప ముంచకే తల్లీ. జర్మన్లు పోయారు గానీ ఊరు ఎక్కడికీ పోలేదు."

"నువ్వు చేసింది మంచి పనే కదా?"

"దేవుడికి తెలుసు, అది చాలు. పక్కింటి యాద్విగాకి మాత్రం తెలియకూడదు. ఎవరైనా అడిగితే, నేను తరిమేశానని చెప్పు."

పెర్లా పెరటి దారిన బయటపడింది. మలుపులోనే యాద్విగా ఎదురైంది.

"ఇంకా బతికే ఉన్నావా? ఎవరు దాచారే నిన్ను?"

"ఎవరూ దాచలేదండీ. అడవిలో ఉన్నాను."

"మా అపోలోనియా గడప తొక్కలేదూ?"

పెర్లా ఆ ఇంటివైపు చూసింది. కిటికీ తెర కొద్దిగా కదిలింది.

"తొక్కాను. రొట్టెముక్క అడిగితే కుక్కను ఉసిగొల్పింది."

యాద్విగా మొహం విప్పారింది. "నాకు తెలుసు. భక్తిగల మనిషి. అలాంటి ఆడది ఈ ఊళ్లో ఇంకొకతి లేదు."

"నిజమేనండీ, ఇంకొకరు లేరు," అంటూ పెర్లా కళ్లు తుడుచుకుంది.