ముళ్ల మీద నిలిచిన కడియం

శ్రావణ శుక్రవారం, సాయంత్రం సరిగ్గా ఐదు గంటలకు ఎలుగుబంటి పెరట్లో ఆట మొదలైంది. సరదాకి కొలిమి పెట్టుకున్న ముగ్గురు నేస్తాల్లో ఎలుగుబంటి, కుందేలు తాము చేసిన ఇనుప కడియాలను మూడో నేస్తం ముళ్లపంది అక్క ముళ్ల మీదికి విసరాలి.

కుందేలుకిది తొలి కడియం.

"ఎర్రగా ఉండగానే నీళ్లలో ముంచావుగా, పెళుసైపోయింది! కింద బండ మీద పడితే పెంకులే," అని ఎలుగుబంటి నవ్వాడు.

"విరిగితే ఇక సుత్తి ముట్టను," అంటూ కుందేలు విసిరింది. కడియం పక్కకి పోయింది. అక్క ఒక్క గెంతులో దాన్ని ముల్లుతో అందుకుంది.

"తొండి! నా కడియానికి ఏనాడైనా కదిలావా అక్కా?" అన్నాడు ఎలుగుబంటి.

"నీది పడితే బండే విరుగుతుంది లేరా తమ్ముడూ!"

మర్నాడు పొద్దున్నే ఎలుగుబంటి ఇంటిల్లిపాదీ కుందేలు కడియాన్ని పెళుసు పోయేలా మళ్లీ కాల్చి, బూడిదలో మెల్లగా చల్లార్చి, దేవుడి దీపాన్ని దానికే వేలాడదీశారు. కుందేలు అప్పటికే రెండోదానికి సుత్తి ఎత్తింది.