నాలుగు వేళ్లు పైకి

“పావడా వెళ్లి బ్రేకులో చిక్కుకుంటే బస్సులో జనం గతేంటి?” అన్నాడు డిపో మేనేజరు డెనిస్. “మూడింటికి వేసుకొచ్చి నడిపి చూపించు. కాలికి అడ్డం పడిందా, మళ్లీ ఈ ఊసెత్తకు.”

పావడాతో బస్సు నడుపుతానని అడిగిన చార్మేన్‌కి ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా బస్సు నడుపుతోంది. తమ క్రీ ఆదివాసీ ఆడవాళ్ల రిబ్బన్ల పావడా అంటే వీళ్లకి పండగ వేషంలా కనిపిస్తోందా? అమ్మమ్మలు తలెత్తుకుని కట్టిన బట్ట అది!

రెండున్నరకే పావడా వేసుకొచ్చి, డిపో బయట బల్ల మీద కూర్చుంది.

పక్కన బస్సు కోసం చూస్తున్న ముసలామె ఎగాదిగా చూసింది.

“ఎవరి మనవరాలివే?”

“ఫ్లారెన్స్ బేర్ మనవరాలిని, అవ్వా.”

“మరి అంచు ఇంత కిందికి వదిలావేం? రోడ్డు ఊడుస్తావా?”

చార్మేన్‌కి చిర్రెత్తుకొచ్చింది. “ప్యాంటేసుకున్న దానివి, నువ్వా నాకు పావడా సంగతి చెప్పేది?”

ముసలామె కిసుక్కున నవ్వింది. సంచిలోంచి సూదీ దారం తీసింది.

“నిలబడు. నాలుగు వేళ్లు పైకి మడిచి టాకాలేస్తా. కుడివైపు ఇంకో వేలు. బ్రేకు తొక్కేది ఆ కాలేగా!”

“నువ్వూ డ్రైవరువా?”

“నాకు సైకిలే రాదు. కదలకు, గుచ్చుకుంటుంది.”

కుట్టడం అయ్యాక వీపు మీద ఒక్కటి చరిచింది. “బతిమాలొద్దు పిల్లా. ఎక్కు, నడుపు, దిగు. అంతే.”

చార్మేన్ డిపో ఆవరణలో మూడు చుట్లు తిప్పింది. నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కింది. రిబ్బను కొసైనా పెడల్‌కి తగల్లేదు. తోటి డ్రైవర్లు ఈలలు వేశారు.

డెనిస్ వంగి చూసి, తల గోక్కున్నాడు. “సరే. రేపట్నుంచి వేసుకో.”

చార్మేన్ గుండె ఉప్పొంగింది. బయటికి పరుగెత్తింది. బల్ల ఖాళీగా ఉంది. ముసలామె తన బస్సెక్కి వెళ్లిపోయింది.

“అయ్యో, థ్యాంక్స్ కూడా చెప్పలేదు! పైగా నోటికొచ్చినట్టు అన్నాను. ఎవరో ఏమో!”

“మర్టిల్,” అన్నాడు వెనకే వచ్చిన డెనిస్. “నీకు కుట్టిపెడుతుంటే కిటికీలోంచి చూశా. హెడ్డాఫీసు కుట్టుగదిలో ముప్పై ఏళ్లు మన యూనిఫారాలు కుట్టింది. పోయిన నెలే రిటైరైంది.”

“నేను పావడాతో నడిపి చూపించాలని ఆవిడకెలా తెలుసు?”



“పావడాతో పనిలోకి వస్తానని ఏటా అర్జీ పెట్టేది, ఏటా కుదరదన్నాం, ఆఖరి రోజు పెట్టిన దాంట్లో మాత్రం ‘నాకెలాగూ వీలు కాలేదు, నా వెనక అడిగే పిల్లనైనా ఒక్కసారి నడిపి చూపించనివ్వండి’ అని రాసి వెళ్లింది.”