ఎర్ర గీతలు

"తప్పంతా షాఫ్టులో ఉంది చెల్లెమ్మా!" వ్యాను కిందనుంచి అరిచాడు మెకానిక్ ఇమాం హుస్సేన్.

"షాపులోనా? మా ఆయన పోయాక షాపు మూసేసి నాలుగు నెలలైందిగా అన్నా" అంది స్తుతి.

"షాపు కాదమ్మా, షాఫ్టు! ఇంజను ముందుంది, బండిని తోసే చక్రాలు వెనకున్నాయి. ఇంజను తిప్పుడు వెనక్కి మోసుకెళ్లే గొట్టం ఇది. ఇది పొందిగ్గా కూర్చోకపోతే బండికి చలిజ్వరమే."

స్తుతి నవ్వలేదు. ఈ నాలుగు నెలలుగా ఆమె నాలుకకి గుంటూరు మిరపకాయ కూడా చప్పగానే ఉంది.

"ఒంగోల్లో అందరి బండ్లూ బాగుచేశాడు. నాదొక్కటీ వణుకుతుంటే అలాగే వదిలేసి పోయాడు. నేనంటే అంత లెక్క ఆయనకి" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

హుస్సేన్ షాఫ్టు మీదికి టార్చి వేశాడు. తర్వాత, "ఒకసారి వంగి చూడమ్మా" అన్నాడు.

షాఫ్టు మీద ఒక తెల్ల గీత ఉంది. అది బిగించే చోట, అవతలి పక్కన, ఇంకొకటి ఉంది.

"కంపెనీవాళ్ల గీతలవి. రెండూ కలిస్తే వణుకుండదు. మీ ఆయన ఎలీషా సగం చుట్టు తిప్పి బిగించాడు."

"మర్చిపోయాడా?"

"మర్చిపోతే, తను బిగించిన చోట కలిసేలా ఈ ఎర్ర గీతలెందుకు పెడతాడు? రేపు ఎవరు విప్పినా మళ్లీ ఇలాగే బిగించాలని!" హుస్సేన్ టార్చి జరిపాడు. ఎర్ర పెయింటుతో ఎలీషా రాత: 'స్తుతి. యాభై.'

"స్పీడు యాభై దాటితేనేగా బండి వణికేది?"

"అవునన్నా. వణకగానే యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తా."

తన మాట తనకే వినపడి స్తుతి ఆగిపోయింది.

"ఎలాగూ గ్రీజు పెట్టాలి, ఇప్పుడు విప్పుతున్నా. బిగించేటప్పుడు ఏ గీతలు కలపమంటావ్ చెల్లెమ్మా?"

స్టీరింగు పట్టే అరచేతుల్ని ఆమె చాలాసేపు చూసుకుంది.

"ఎర్రవే అన్నా."