ఢాం అనడమే గానీ...

"ఢాం!"

షెడ్డు రేకుల మీది పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి. ఎదురింటి పెద్దమనిషి కిటికీ తలుపులు ధడాలున వేసుకున్నాడు. బండి మాత్రం ఎప్పటిలాగే ఇంత పొగ వదిలి, తనకేమీ తెలియనట్టు నిలబడింది.

"మళ్ళీ అంతే, మామయ్యగారూ," అన్నాడు అల్లుడు, కిక్కు రాడ్డు మీంచి కాలు తీసి పిక్క రుద్దుకుంటూ. "ఢాం అనడమే గానీ స్టార్టవడం లేదు. ఇక దీనితో లాభం లేదేమో."

"అప్పుడే చేతులెత్తేస్తే ఎలాగయ్యా? పెట్రోలు వస్తోంది. ప్లగ్గులో నిప్పు వస్తోంది. ఇంకెక్కడికి పోతుంది?"

మామగారు బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. డిపో గేటు దాటకముందే ఏ బస్సుకు ఏ రోగమో చప్పుడును బట్టి చెప్పేవారట. అలాంటి మనిషి చేత, ఆయనకంటే వయసులో పెద్దదైన ఈ రెండు సిలిండర్ల బండి మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది.

నిజం చెప్పాలంటే అల్లుడికి బండ్ల పిచ్చి లేదు. అత్తగారు పోయిన దగ్గర్నుంచి మామగారు పక్క వీధిలోని తన గది దాటి రావడం మానేశారు. "నాన్న ఇలాగే ఉంటే మంచం పట్టేస్తారండీ. ఏదో ఒక పని కల్పించండి," అని భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పాత ఇనుము కొట్లో తుప్పు పట్టి పడున్న ఈ బండిని అల్లుడు అందుకే ఇంటికి తోసుకొచ్చాడు. పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక రోజంతా కిటికీ దగ్గరే కూర్చునేవాడు కాబట్టి, తీరికకు కొదవ లేదు.

ఎర బ్రహ్మాండంగా పనిచేసింది. మొదట్లో "అల్లుడుగారూ, మీరు కాస్త పక్కకు జరగండి" అన్న పెద్దాయన, నెల తిరక్కుండానే "ఏమయ్యా, అవి చేతులా, చీపురుకట్టలా?" అనేదాకా వచ్చారు. ఆ తిట్టు తిన్న రోజున అల్లుడు వంటింట్లోకి పరిగెత్తి, సంబరంగా భార్యకు చెప్పాడు. ఇప్పుడతను తెల్లారేసరికి గడ్డం గీసుకుని, మామగారికంటే ముందే షెడ్డులో ఉంటున్నాడు. అంతా ఆయన కోసమే.

"ఇవాళ అటో ఇటో తేలిపోవాలి," అన్నారు మామగారు, ప్లగ్గులకు నిప్పు అందించే పాయింట్లను గరుకు కాగితంతో రుద్దుతూ. "రోగం ఇక్కడే ఉంది. భోజనాలయ్యాక ఒక్క కిక్కుకి లేస్తుంది, చూస్తుండు."

అల్లుడి గుండె జారిపోయింది.

"లేస్తే?"

"లేస్తే ఏముంది! నువ్వు తోలుకుంటావు. నేను నా గదికి పోయి పడుకుంటాను."

"అంత తొందరేం, మామయ్యగారూ? బ్రేకులు చూడాలి, గొలుసు మార్చాలి..."

"ముందు కదిలితే కదయ్యా, బ్రేకుల సంగతి!" మామగారు చేతులు తుడుచుకుంటూ లేచారు. "నేను చేతులు కడుక్కొస్తాను. ఆ ప్లగ్గు వైర్ల జోలికి మాత్రం పోకు. వాటిని నేనే చూసి పెట్టాను. కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ పడిందంటే జన్మలో స్టార్టవదు."

రోజుకు ఒక్కసారైనా చెప్పే మాటే. ఇన్నాళ్ళూ అల్లుడు ఆ వైర్లను వేలితో కూడా తాకలేదు.

ఇవాళ వాటినే చూస్తూ నిలబడ్డాడు. మూసిన కిటికీలతో ఆ గది, ముట్టని కంచం, గోడవైపు తిరిగి పడుకున్న మామగారు కళ్ళముందు మెదిలారు. బండి స్టార్టయిందంటే మళ్ళీ అదే గతి. పెరట్లో కుళాయి చప్పుడు ఆగేలోపు అటు వైరు ఇటూ, ఇటు వైరు అటూ మార్చేశాడు. పెద్దాయన ఇన్నాళ్ళ కష్టాన్ని బూడిదపాలు చేస్తున్నానని తెలుసు. అయినా తప్పదనుకున్నాడు.

భోజనం దగ్గర అతనికి ముద్ద దిగలేదు. మామగారు మాత్రం మారు వడ్డించుకుని తిన్నారు. అది చూశాక అల్లుడికి తాను చేసింది మంచి పనే అనిపించింది.

"ఊఁ, కొట్టు," అన్నారు మామగారు షెడ్డులోకి రాగానే. వంటిల్లు సర్దుకుని అల్లుడి భార్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. అల్లుడు ఎన్నడూ లేనంత నిశ్చింతగా కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు.

ఢాం అనలేదు.

డుగుడుగుమంటూ బండి లేచి కూర్చుంది. రేకులు దడదడలాడాయి. అల్లుడు హ్యాండిల్ పట్టుకుని నోరు తెరిచాడు. వైర్లు మార్చానే, ఎలా స్టార్టయింది? అంతకంటే వింత ఏమిటంటే, మామగారి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. గెలిచిన ఫోర్‌మన్ ముఖం కాదది. ఆయన గబుక్కున వంగి ప్లగ్గుల వైపు చూసి, కూతుర్ని రెక్క పట్టుకుని మూలకు లాక్కుపోయారు.

"ఎవరే వీటిని సరిచేసింది?"

"ఏమో నాన్నా, నాకేం తెలుసు!"

ఇంజను హోరులో తన గుసగుస అరుపైపోయిందని ఆయనకు తెలియలేదు.

"మీ ఆయన దిగులు పోవాలనే కదే, ఆ వైర్లు మొదటిరోజే నేను తారుమారు చేసింది!"