వెండి రంగు మానిఫోల్డు

మదనపల్లెలో నా మెకానిక్ షెడ్డు ముందు జయచంద్ర కారు ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజనులోకి గాలి పోయే మానిఫోల్డు వెండిలా మెరుస్తోంది.

“కంపెనీ ఇనుముది పీకించేస్తినప్పా. బెంగళూరులో రేసు కార్లకు ఏసే అల్యూమినియంది ఏయించినా. పుంగనూరు రోడ్డులో ఇమానమే! ఆ పాత ఇనుమును తలుసుకుంటేనే రోత.” తుపుక్కున ఉమ్మేశాడు.

ఆ ఇనుమును ఎన్నోసార్లు విప్పి బాగుచేసింది నేనే. నాకు ఒళ్ళు మండింది. స్క్రూడ్రైవరుతో గీకాను. వెండి రంగు పెచ్చుగా ఊడింది. కింద నల్లటి ఇనుము, దాని మీద మూడు చుక్కలు. నేను విప్పిన ప్రతి సామానుకూ పంచి మొనతో కొట్టే నా గుర్తు.

“ఇది నీ పాతదేనప్పా. రంగు పూసి నీకే బిగించినారు.”

జయచంద్ర చుట్టూ చూశాడు.

“గట్టిగా అనొద్దు. రంగు మళ్ళీ పూసెయ్యి. కుప్పంలో నలుగురు నా మాట ఇని రేపు ఆ షాపుకే పోతాండారు. తెలిస్తే నా మర్యాదేం కావల?”

ఈసారి నేను ఉమ్మేశాను.