నిండు డ్రమ్ముకు కాపలా

పందుల దొడ్డిలో తొట్టిలో కుడితి పోయడం మానేశారు. దాని బదులు ఎండు దాణా నింపిన ఇనప డ్రమ్మును గోడకు బిగించారు. అడుగున ఉన్న రేకును ముట్టెతో నెడితే గుప్పెడు దాణా రాలుతుంది. ఎప్పుడు ఆకలేస్తే అప్పుడు తినొచ్చు.

పంది కూనలన్నీ సంబరపడ్డాయి. వాటిలో పెద్దవాడైన మచ్చన్నకు మాత్రం దడ పట్టుకుంది. కుడితి తొట్టి దగ్గర తోపులాటల్లో పెరిగినవాడు మరి. వెనకబడిన పూట కడుపు మాడటం ఇంకా మరిచిపోలేదు.

"ఎవరికి వాళ్లు రాల్చుకుంటూ పోతే రేపటికేం మిగులుతుంది?" అంటూ వెళ్లి రేకుకు అడ్డంగా పడుకున్నాడు. దగ్గరికొచ్చిన వాళ్లనల్లా కరిచి తరిమాడు. తనూ నెట్టలేదు. నేలమీది నూకలు నాకి సరిపెట్టుకున్నాడు.

యజమాని వచ్చి, డ్రమ్ము నిండుగా ఉండటం చూసి, దాణాకు కొదవ లేదనుకుని వెళ్లిపోయేవాడు.

ముసురు పట్టింది. డ్రమ్ము మీద చినుకు పడినా మచ్చన్న ఉలిక్కిపడి లేచేవాడు.

"నీకూ డొక్కలు తేలాయన్నా. కాస్త నెట్టు, అందరం తిందాం," అంది చిన్న కూన గున్నమ్మ.

"అయిపోతే?"

చివరికి ఆకలికి తాళలేక మచ్చన్నే రేకును నెట్టాడు. ఏమీ రాలలేదు. మళ్లీ నెట్టాడు. కదిపేవాళ్లు లేని దాణా తేమకు గడ్డకట్టి, బూజుపట్టి, డ్రమ్ము నిండా అలాగే ఉండిపోయింది. ఆ ముక్కవాసన గున్నమ్మకు తగిలింది.

మచ్చన్న వెనక్కి తిరిగాడు.

"చూశారా, అయిపోతుందని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."